వేడెక్కితే ఆగిపోతోంది, ఇగ్నిషన్ మొత్తం మార్చెయ్యనా?

ప్రశ్న: గురువుగారూ, రెండు నెలల కిందట 2004 మోడల్ యమహా బాన్షీ, అంటే 350 టూస్ట్రోక్ నాలుగు చక్రాల బండి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఓక్లహోమాలో వాయ్‌నోకా దగ్గరున్న లిటిల్ సహారా ఇసుకతిన్నెల మీదికి తీసుకెళ్తే ఇరవై నిమిషాలకే ఆగిపోతోంది. అరగంట చల్లారితే ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. ఒక్కోసారి రేజ్ చేస్తే ఎక్కకుండా టపటపలాడుతుంది. పాత ఓనరు ఫ్రేముకి కొత్తగా పౌడర్ కోటింగ్ చేయించాడట. స్టేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది), సీడీఐ (స్పార్కు ఎప్పుడు రావాలో చూసే పెట్టె), కాయిల్ (ప్లగ్గులకు కరెంటు పెంచి పంపేది) కలిపి ఆన్‌లైన్లో ఒక సెట్టు చవగ్గా వస్తోంది. తెప్పించెయ్యనా?
– ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తెప్పించకండి, ఇప్పుడే కాదు. మీరు చెప్పినవి రెండు జబ్బులు. ఒకే మందు వేస్తే రెండూ నయమవుతాయన్న నమ్మకం నాకు లేదు.

ముందు టపటప సంగతి. ఈ బండికి కంపెనీవాళ్లు ఒక కాపలా పెట్టారు. బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ లివర్ వదిలినా కార్బురేటర్ స్లైడు (గాలి దారి తెరిచే తలుపు) పైనే ఇరుక్కుపోతే, అది కరెంటు తగ్గించి ఇంజన్ని అదుపు చేస్తుంది. దాని స్విచ్చులు ఇసుక తిని పాడైతే మంచి బండిని కూడా నమ్మదు. పార్కింగ్ బ్రేక్ స్విచ్చు కూడా అంతే. ఆ కాపలా పెట్టె సాకెట్ ఊడదీసి ఒకసారి నడపండి. టపటప పోతే దొంగ దొరికినట్టే. అయితే తీసేసి అలాగే వదిలేస్తానంటే మాత్రం కేబుల్ సాఫీగా వెనక్కొస్తోందో లేదో చూసుకుని, చేతికి కట్టుకునే కిల్ స్విచ్చు (మీరు పడిపోతే ఇంజన్ ఆపేది) వేయించుకోండి.

ఇక ఆ పౌడర్ కోటింగ్. అందంగా ఉంటుంది, కరెంటును మాత్రం పోనివ్వదు. కాయిల్ బిగించిన చోటా, ఎర్త్ వైర్ల కిందా గీకి తెల్లటి ఇనుము కనిపించేలా చేయండి. ఖర్చు ఒక సాండ్‌పేపర్ ముక్క.

వేడికి ఆగడం అసలు జబ్బు. బండి ఆగిన క్షణంలోనే ప్లగ్గులు రెండూ విప్పి, క్యాపులు పెట్టి, హెడ్డుకి ఆనించి కిక్కు కొట్టి స్పార్కు వస్తోందో లేదో చూడండి. ఒకే కాయిల్ రెండింటికీ ఒకేసారి కరెంటిస్తుంది కాబట్టి రెండూ ఆనించాలి. ప్లగ్గు రంధ్రాల దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటుంది, ప్లగ్గులు వాటికి దూరంగా ఉండాలి. స్పార్కు బాగానే వస్తే తప్పు ఇగ్నిషన్‌ది కాదు, కార్బురేటర్ వైపో క్రాంక్ సీళ్ల (క్రాంక్ చివర్ల నుంచి గాలి లీకవకుండా ఆపేవి) వైపో వెతకండి. రాకపోతే, చల్లారకముందే స్టేటర్ సాకెట్ దగ్గర ఓమ్ మీటర్ పెట్టి దాని లోపలి సోర్స్ కాయిల్ (కరెంటు పుట్టించేది), పికప్ కాయిల్ (స్పార్కు సమయం చెప్పేది) రెండూ కొలవండి. వేడిలో తెగినట్టు చూపించి, చల్లారాక మాన్యువల్ అంకెకి దగ్గరికొస్తే లోపల చుట్టు విడిపోతోందన్నమాట. అప్పుడు స్టేటర్ ఒక్కటే మార్చండి. రెండూ వేడిలో కూడా సరిగ్గా ఉంటేనే సీడీఐ మీద అనుమానం. దానికి మీటర్ పరీక్ష లేదు, తెలిసినవాళ్ల మంచి పెట్టె అడిగి వేసి చూడడమే.

కొనేటప్పుడు మీ బండి సంవత్సరానికి సరిపోయేదే తీసుకోండి. సాకెట్ కుదిరింది కదా అని మోసపోవద్దు. టైమింగ్ ముందుకు జరిపే ప్లేటు మీకు అనవసరం. బంకు పెట్రోలుతో అది డిటొనేషన్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) తెచ్చి పిస్టన్ కాల్చెయ్యొచ్చు.

స్టేటర్ మార్చాలంటే దాని మీదున్న మాగ్నెట్ (అయస్కాంతాలున్న చక్రం) విప్పాలి. ఆ పనిలో నాకో పాత మచ్చ ఉంది. విజయవాడ ఆటోనగర్లో కుర్రాడిగా ఉన్నప్పుడు లూనా మాగ్నెట్‌ని సుత్తితో కొట్టి తీయబోయి క్రాంక్ కొన చెడగొట్టాను. మేస్త్రీ నెల జీతం కోశాడు. మీరు పుల్లర్ (మాగ్నెట్‌ని లాగి తీసే పనిముట్టు) వాడండి. దాని మర మాగ్నెట్లోకి పూర్తిగా దిగాలి. రెండు చుట్లకే లాగితే మాగ్నెట్ మరే ఊడొస్తుంది. కొత్త స్టేటర్ వైరు మాగ్నెట్‌కి తగలకుండా పాత దారిలోనే నడపండి. అయస్కాంతాలకంటుకున్న ఇనుప రజను తుడవండి. క్రాంక్ టేపరు (కొనవైపు సన్నబడే భాగం), మాగ్నెట్ లోపలి టేపరు రెండూ నూనె చుక్క లేకుండా బ్రేక్ క్లీనర్‌తో కడగండి. మాగ్నెట్‌ని పట్టి ఉంచేది ఆ టేపరే. చిన్న కీ కేవలం గుర్తు కోసం. టేపరు జారితే కీ తెగుతుంది, టైమింగ్ పోతుంది, కొత్త స్టేటర్ వేసినా బండి వెనక్కి తంతుంది. నట్టు మాన్యువల్ చెప్పిన టార్కుకే (బిగింపు బలానికే) బిగించండి.

బీఆర్8ఈఎస్ ప్లగ్గులు కొత్తవి వేసి, ముందు ఇంటి దగ్గరే అరగంట తిప్పండి. లిటిల్ సహారా దాకా లాక్కెళ్లడానికి దాదాపు ఐదు గంటలు కదా.