1080పీ అడిగితే బ్రౌజర్ 720పీ వీడియో ఎందుకు ఇస్తుంది?

కెమెరా వీడియో కోసం వెబ్ పేజీ పిలిచే గెట్‌యూజర్‌మీడియా ఫంక్షన్‌లో మీరు ఉత్త సంఖ్యలుగా రాసిన వెడల్పు, ఎత్తు బ్రౌజర్‌కు కోరిక మాత్రమే, షరతు కాదు; అందుకే కెమెరా ఇవ్వగలిగిన వాటిలో దానికి బాగా దగ్గరగా ఉన్నది ఎంచుకుంటుంది.

మిన్ (కనీసం ఇంత), మాక్స్ (ఇంతకు మించకూడదు), ఎగ్జాక్ట్ (కచ్చితంగా ఇంతే) అని పెట్టినవే అసలు షరతులు. వాటికి సరిపడని సెట్టింగులను బ్రౌజర్ ముందే పక్కన పెట్టేస్తుంది. మిగిలినవి ఐడియల్ విలువకు, అంటే మీరు కోరిన సంఖ్యకు, ఎంత దూరమో లెక్కేస్తుంది: తేడాను రెండు సంఖ్యల్లో పెద్దదానితో భాగించి, వెడల్పుకూ ఎత్తుకూ వచ్చిన ఫలితాలను కలుపుతుంది. ఎవరికి తక్కువ వస్తే వారిదే సీటు.

ల్యాప్‌టాప్ కెమెరాలో 640×480, 1280×720 మాత్రమే ఉన్నాయనుకోండి. 1920×1080 అడిగితే మొదటిదానికి సుమారు 1.22, రెండోదానికి 0.67 వస్తుంది. కాబట్టి 720పీ.

వెడల్పు దగ్గర ఉత్త 1920 అని రాస్తే కచ్చితంగా అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఉత్త సంఖ్య అంటే బ్రౌజర్ లెక్కలో ఐడియలే. ఎగ్జాక్ట్ అని రాస్తే మాత్రం, కెమెరాకు ఆ సైజు చేతకాకపోతే వీడియో బదులు ఓవర్‌కన్‌స్ట్రెయిన్డ్ ఎర్రర్ వస్తుంది. మామూలు వీడియో కాల్ పేజీకి ఆ టెన్షన్ అనవసరం. చివరికి ఏ సైజు వచ్చిందో వీడియో ట్రాక్ మీద గెట్‌సెట్టింగ్స్ పిలిస్తే తెలుస్తుంది.