సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనే ముందు సైలెన్సర్, పొల్యూషన్ వైపు ఏం చూడాలి?

చెన్నైలో ఒక పాత ఆడి టీటీ చూశానని, సైలెన్సర్, పొల్యూషన్ వైపు ఏమేం చెక్ చేయాలని ఒంగోలు నుంచి అడిగారు. నాది నెల్లూరు. మూడేళ్ల కిందట నేనూ చెన్నైలోనే ఒక టర్బో పెట్రోల్ కారు కొన్నాను. ముందు నాకు జరిగింది చెబుతాను.

నేను వెళ్లేసరికే ఓనర్ బండి స్టార్ట్ చేసి ఉంచాడు. సౌండ్ బాగుంది, మీటర్‌లో ఏ లైటూ లేదు. డబ్బు కట్టి తెచ్చుకున్నాను. మూడో రోజు మైపాడు బీచికి వెళ్లి వస్తుంటే చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. స్కానర్ పెడితే పీ0420 అనే లోపం కోడ్ చూపించింది. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పని చేయడం లేదని దాని అర్థం. ఆటోనగర్‌లో గుంత మీదికి ఎక్కించి చూశాం. కన్వర్టర్ డబ్బాకి ఒక పక్క కోసి మళ్లీ వెల్డింగ్ పెట్టిన గీత కనిపించింది. లోపల తేనెపట్టులా ఉండాల్సిన పింగాణీ దిమ్మె లేనే లేదు. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉండేది దాని మీదే. కొందరు ఆ లోహాల కోసం తీస్తారు, కొందరు సౌండ్ కోసం తీస్తారు. కొత్తది వేయించడానికి నాకు లక్ష దాటింది. ఆ నెలంతా ఒకటే టెన్షన్.

అమ్మే ముందు కోడ్ చెరిపేస్తే లైట్ ఆరిపోతుంది. మళ్లీ వెలగడానికి కొన్ని ట్రిప్పులు పడుతుంది. అందుకే లైట్ వెలగడం లేదు కదా అని బండిని నమ్మేయకండి. కారు కంప్యూటర్‌లోని కోడ్స్ చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి తీసుకెళ్లి రెండు చూడండి. ఒకటి, క్యాటలిస్ట్ మానిటర్, అంటే కన్వర్టర్‌ని కారు కంప్యూటర్ తనే చేసే పరీక్ష, 'రెడీ' (పూర్తయింది) అని ఉందా, లేదా. రెండు, కోడ్స్ చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో. చాలా కార్లలో ఈ లెక్క కనిపిస్తుంది. పది ఇరవై కిలోమీటర్లే ఉంటే ఎందుకు చెరిపారని ఓనర్‌ని నేరుగా అడగండి.

బండి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. ఇంజన్ నుంచి పొగని సైలెన్సర్ వైపు పంపే మానిఫోల్డ్‌లో పగులు ఉంటే చల్లటి ఇంజన్ టిక్ టిక్ మంటుంది. వేడెక్కి ఇనుము సాగాక ఆ శబ్దం పోతుంది, అందుకే వేడి బండిలో దొరకదు. రెండు నిమిషాలు యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేస్ ఇవ్వండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, టర్బో సీల్ గానీ వాల్వ్ సీళ్లు గానీ పాడై ఉండొచ్చు. తెల్ల పొగ ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. చలి ప్రాంతాల్లో పొద్దున కాస్త ఆవిరి మామూలే. మన ఎండల్లో ఆ సాకు చెబితే ఒప్పుకోకండి.

గుంత మీద చూడకుండా మాత్రం కొనొద్దు. సముద్రపు గాలికి సైలెన్సర్ అతుకుల దగ్గర తుప్పు పడుతుంది. కన్వర్టర్‌ని చల్లగా ఉన్నప్పుడు అరచేత్తో తట్టండి, గలగలమంటే లోపల దిమ్మె విరిగినట్టే. కన్వర్టర్ తర్వాత పొగలో ఆక్సిజన్‌ని కొలిచే వెనక ఆక్సిజన్ సెన్సార్ కింద అదనంగా గొట్టం ముక్క బిగించి ఉంటే, కన్వర్టర్ లేకపోయినా కంప్యూటర్‌కి తెలియకుండా చేసే పని అది.

పాత పొల్యూషన్ సర్టిఫికెట్ చూసి ఊరుకోకండి. మీ ఎదురుగా మళ్లీ టెస్ట్ చేయించండి. బీఎస్-4 (భారత్ స్టేజ్-4 పొల్యూషన్ ప్రమాణాల) పెట్రోల్ కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు.

మీరు చెన్నైకి నెల్లూరు మీదుగానే వెళ్తారు కదా, స్కానర్ నా దగ్గర ఉంది. ముందు రోజు మెసేజ్ పెట్టండి, హైవే దగ్గరికి తెచ్చిస్తాను.