ఆవులు నీళ్లలో దిగినట్టు కనబడాలంటే

డచ్ చిత్రకారుడు ఏల్బర్ట్ కైప్ 1650 ప్రాంతంలో వేసిన ‘నదిలో ఆవులు’ (ఇప్పుడు బుడాపెస్ట్‌లో ఉంది) చూసి మీరు 45×60 సెం.మీ. కాన్వాస్‌ మీద ఆయిల్‌లో వేస్తున్నానని, ఆవులు నీటిమీద అతికించినట్టున్నాయని, ఆకాశం ఆకుపచ్చగా మారుతోందని, ఎలా సరిచేయాలని అడిగారు.

ఆవుల సంగతి రంగు తప్పు కాదు, గీత తప్పు. కైప్ చూసే కంటి ఎత్తును బాగా కిందికి దించేశాడు. అందుకే వాటి వెన్నులు ఆకాశంలోకి లేస్తాయి. మీ క్షితిజ రేఖను (దూరాన ఆకాశం కలిసే గీతను) కాన్వాస్ అడుగు నుంచి 11-12 సెం.మీ. దగ్గర పెట్టండి. ఒకే లోతు నీళ్లలో నిలబడ్డ, ఒకే ఎత్తున్న ఆవులన్నిటినీ ఆ రేఖ ఒకే చోట కోయాలి. ముందున్న ఆవును పొట్ట దగ్గర కోస్తే, దూరపు ఆవునూ పొట్ట దగ్గరే. చాలామంది వెనక ఆవును చిన్నది చేసి పైకి జరుపుతారు. రేఖ దాని మోకాళ్లకు దిగిపోతుంది, ఇక ఆవు గాల్లో తేలినట్టే.

ప్రతిబింబం కాలు నీటిని తాకే చోటే మొదలవ్వాలి. ఆవు బొమ్మనే తిరగేసి దించొద్దు. నీళ్లలో వీపు కన్నా పొట్ట, పొదుగు ఎక్కువ కనబడతాయి. తెల్లావు ప్రతిబింబం ఒక మెట్టు ముదురుగా, నల్లావుది ఒక మెట్టు లేతగా వేయండి. నీళ్లకు వేరే నీలం అక్కర్లేదు, ఆకాశపు రంగునే కాస్త ముదురు చేస్తే చాలు.

మన చేతికి ఇంకో అలవాటుంది: తెలియకుండానే ఒంగోలు జాతి దిగిపోతుంది. డచ్ ఆవుకు మూపురం ఉండదు, గంగడోలు పొట్టి, వెన్ను దాదాపు సాపు. కండలూ ఎముకలూ చూసుకోవాలంటే మరో డచ్ చిత్రకారుడు పౌలస్ పాటర్ 1647లో వేసిన కోడె బొమ్మ మంచిది, హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. అయితే అది కూడా ఒక్క పశువు కాదు, వేర్వేరు వయసుల వాటి అంగాలు కలిపి వేసిందే!

ఇక ఆకాశం. ఇంకా ఆరని నీలం, అంటే అల్ట్రామెరైన్‌లోకి పసుపు లాగితే ఆకుపచ్చే వస్తుంది. రెంటి మధ్యా 4-5 సెం.మీ. పట్టీ వదిలి, తెలుపులో చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ రంగు), అంతకన్నా తక్కువ అల్ట్రామెరైన్ కలిపిన వెచ్చని బూడిద రంగు వేయండి. ఆకాశం కింది భాగంలో నిమ్మపసుపు వద్దు, తెలుపులో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) వాడండి. నీలానికో బ్రష్, పసుపుకో బ్రష్.

ఆవుల నీడ వైపు మట్టి గోధుమ రంగైన రా అంబర్‌ను టర్పెంటైన్‌తో పల్చగా రుద్ది వదిలేయండి. అది ఆరాక, వెన్ను అంచున వెలుగు తగిలే సన్నని చారకి మాత్రం చిక్కటి రంగు. నీడను కూడా చిక్కగా వేస్తే ఆవు మట్టిబొమ్మలా ఉంటుంది. లిన్‌సీడ్ ఆయిల్ పై పొరల్లోనే కలపండి, కింద ఎక్కువైతే పైది పగుళ్లిస్తుంది. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి, విడివిడిగా బయట ఆరేయండి.