హాట్ టబ్‌కు ఏ సర్క్యూట్? తిరుపతి నుంచి వైరు తెప్పించకండి

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఈ మధ్యే అమెరికాలోని ఒహాయోలో ఇల్లు కొన్నాం. పెరట్లో హాట్ టబ్ పెట్టాలని ఉంది. 120 వోల్టులది మేలా, 240దా? విద్యుత్ సంస్థలో పనిచేసి రిటైరైన మా నాన్నగారు వచ్చే నెల వస్తున్నారు. గాంధీరోడ్డులో కేబుల్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) కొని తెచ్చి, కనెక్షన్ కూడా తానే ఇస్తానంటున్నారు.

జవాబు: ముందు నాన్నగారికి ఫోను చేసి ఆ కొనుగోలు ఆపించండి. ఆ బరువుకు ఆవకాయ తెచ్చుకోవడం నయం. మన ఐఎస్ఐ ముద్ర ఎంత మంచిదైనా ఇక్కడి ఇన్‌స్పెక్టర్ చూసేది యూఎల్ వంటి ఇక్కడి ముద్రలనే.

ఆయన అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. భయమల్లా ఆ అనుభవం నేర్పిన అలవాటుతోనే. తిరుపతిలో నల్ల వైరు న్యూట్రల్. అమెరికాలో నల్లదే కరెంటు వైరు, తెల్లది న్యూట్రల్. నలభై ఏళ్లు నల్లవైరును నమ్మిన చెయ్యి ఇక్కడా దాన్నే నమ్ముతుంది. వోల్టుల లెక్కా వేరే. మన 230 అంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్. ఇక్కడి 240 రెండు కరెంటు వైర్ల మధ్య వచ్చేది. వాటిలో ఏ ఒక్కదాన్ని న్యూట్రల్‌తో కలిపి కొలిచినా 120 మాత్రమే. హీటరుకు 240, లోపలి చిన్న పరికరాలకు 120 కావాల్సిన టబ్‌లకు ఎర్తుతో కలిపి నాలుగు వైర్లు వెళ్లాలి. మూడింటితో నడిచేవీ ఉన్నాయి. మీ మోడల్ సంగతి దాని వైరింగ్ పటమే చెప్పాలి.

ఇక ఏది మేలు? తిరుపతి ఇంట్లో పదిహేను లీటర్ల గీజరుకే 2 కిలోవాట్ల హీటరు ఉంటుంది. 120 వోల్టుల టబ్‌లో ఉండేది దాదాపు 1 నుంచి 1.5 కిలోవాట్లే. 300 గాలన్లు, అంటే దాదాపు 1,135 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 38కి తేవాలంటే 30 యూనిట్లు కావాలి. ఒక కిలోవాటు హీటరుతో ముప్పై గంటలు, 5.5 కిలోవాట్లదానితో అయిదున్నర గంటలు. మధ్యలో గాలికి పోయే వేడి లెక్కలోకి తీసుకోలేదు. పైగా 120లో నీటిని చిమ్మే జెట్లు జోరుగా నడిచేటప్పుడు చాలా మోడళ్లలో హీటరు ఆగిపోతుంది. ఒహాయో జనవరిలో మూత తీసి కూర్చుంటే నీళ్లు చల్లబడుతూనే ఉంటాయి. ఫ్లోరిడాలో ఉండి అడిగితే 120 చాలనేవాణ్ణి. మీకు 240 తీసుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం 120దే సుఖం, ప్లగ్గు పీకి తీసుకెళ్లవచ్చు. దానికీ విడిగా ఒక సర్క్యూట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి పోకూడదు.

240 టబ్‌లకు ఎక్కువగా 50 ఆంపియర్ల బ్రేకరు, 6 గేజి రాగి వైరు వేస్తారు. 40, 60 అడిగేవీ ఉన్నాయి. టబ్ మీది పలకలో ఎంత రాసి ఉంటే అంతే వేయాలి. పెద్ద బ్రేకరు వేస్తే ఇంకా భద్రం అనుకునేవాళ్లు మన వాళ్లలో చాలామంది. వైరు వేడెక్కిపోతున్నా పెద్ద బ్రేకరు పడదు (ట్రిప్ కాదు), అందుకే అది మరీ ప్రమాదం.

నీటి దగ్గర జీఎఫ్‌సీఐ, అంటే కరెంటు కాస్త లీకైనా సరఫరా ఆపేసే ఇక్కడి బ్రేకరు, తప్పనిసరి. మన ఇళ్లలోని ఆర్‌సీసీబీ సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి పడుతుంది, ఇది 5 దగ్గరే పడుతుంది. నాన్నగారు తేబోయే పెట్టె పనికిరాకపోవడానికి ఇదే అసలు కారణం. బిగించగానే జీఎఫ్‌సీఐ పడిపోతుంటే టబ్ చెడిందని కంగారుపడకండి. టబ్ నుంచి వచ్చే న్యూట్రల్‌ను ఆ జీఎఫ్‌సీఐ బ్రేకరుకు కాకుండా న్యూట్రల్ పట్టీకి కలిపారేమో ఎలక్ట్రీషియన్‌ను ముందు చూడమనండి. కరెంటు ఆపే స్విచ్చు టబ్‌కు కనీసం అయిదు అడుగుల దూరంలో, టబ్ నుంచి కనబడేలా ఉండాలి.

టబ్‌కు డబ్బు కట్టకముందే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీ ప్యానెల్ (ఇంటి బ్రేకర్ల పెట్టె) చూపించండి. 100 ఆంపియర్ల పాత ప్యానెల్‌కు ఇప్పటికే కారు ఛార్జరు, డ్రయ్యరు ఉంటే లోడు లెక్క వేయకుండా ముందుకు వెళ్లకూడదు. ప్యానెల్ నుంచి పెరటి చివరికి కందకం తవ్వాల్సి వస్తే ఖర్చు బాగా పెరుగుతుంది. టబ్‌ను ఇంటి గోడకు దగ్గరగా జరిపితే ఎంత తగ్గుతుందో కూడా అడగండి. పర్మిట్ ఆ ఎలక్ట్రీషియన్ చేతే తీయించండి.