టర్న్‌పైక్ హౌస్‌లో ఒక రోజు: షఫుల్ ఆపి వినండి

మామూలు మనుషుల నగర జీవితం మీద, పాటలన్నీ ఒకే కథలా సాగే ఇంగ్లీషు డాన్స్ పాప్ ఆల్బమ్ ఉందా అని అడిగారు. ఉందండీ. సెయింట్ ఎటియెన్ బృందం 2005లో తెచ్చిన 'టేల్స్ ఫ్రమ్ టర్న్‌పైక్ హౌస్'. బృందంలో ముగ్గురే: పాడే సారా క్రాక్‌నెల్, బాబ్ స్టాన్లీ, పీట్ విగ్స్.

టర్న్‌పైక్ హౌస్ లండన్‌లో గాస్‌వెల్ రోడ్డు మీద నిజంగా ఉన్న కౌన్సిల్ ఫ్లాట్ల (అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్ల) టవర్. అందులో ఉండేవాళ్లను ఊహించుకుని, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఒక రోజుని పాటలుగా కట్టారు.

నేను లండన్‌లో చదువుకుంటూ సాయంత్రాలు ఒక షాపులో పనిచేసేదాన్ని. మొదటిసారి షఫుల్‌లో పెట్టి వింటే ఏమీ ఎక్కలేదు. ఒక ఆదివారం వరుసగా పెట్టాను. రెండో పాట 'మిల్క్ బాటిల్ సింఫనీ'లో ఒక్కో ఫ్లాట్‌లో ఒక్కొక్కరు తెల్లారి లేస్తుంటే, ఉల్లిపాయలు తరగడం ఆపేసి నిలబడిపోయాను. మా గోడలు పల్చన. పక్క ఫ్లాట్‌లో ఆయన టీ పెట్టుకుంటే నీళ్లు మరగడం, తర్వాత స్పూను కప్పుకి తగలడం రోజూ వినిపించేవి. ఆయన పేరు కూడా తెలియదు నాకు. అలాంటి మనిషి మీద పాట కట్టొచ్చని అప్పటిదాకా తట్టలేదు.

నాకు బాగా దగ్గరైంది 'సైడ్ స్ట్రీట్స్'. సందుల్లోంచి ఇంటికి నడిచే అమ్మాయి పాట. ఎప్పుడో ఒకరోజు ఏదో జరగొచ్చని తెలుసు, అయినా ఆ దారినే వెళ్తుంది. రాత్రి బస్సు దిగి, తాళంచెవి వేళ్ల మధ్య బిగించి నడిచినదాన్ని నేను. అంత టెన్షన్‌ని వాళ్లు ఎంత తేలికైన ట్యూన్‌లో పెట్టారో వింటే మీకే తెలుస్తుంది.

'లాస్ట్ ఆర్డర్స్ ఫర్ గ్యారీ స్టెడ్' వినేముందు ఒక్క మాట: అక్కడ పబ్ కట్టేసేముందు గంట కొట్టి 'లాస్ట్ ఆర్డర్స్' అని కేకేస్తారు. ఇంకో గ్లాసు కావాలంటే అప్పుడే అడగాలి. 'రీలొకేట్'లో ఇల్లు మారదామా వద్దా అని ఇద్దరి వాదన. మగగొంతు ఇంగ్లీషు గాయకుడు డేవిడ్ ఎసెక్స్‌ది. డాన్స్ బీట్ కావాలంటే 'స్టార్స్ అబవ్ అస్' ఉంది. కానీ ముందు దానికే దూకకండి.

'సన్ ఇన్ మై మార్నింగ్'తో మొదలై 'గుడ్‌నైట్'తో అయిపోయే 12 పాటల ఎడిషన్ చూసి పెట్టుకోండి. పదకొండోది 'టీనేజ్ వింటర్', సగం మాటల్లోనే నడుస్తుంది. మారిపోతున్న పేట గురించి. అక్కడ మాత్రం చేతిలో పని ఏదున్నా పక్కన పెట్టండి.