బుట్టలో నాలుగు వస్తువులు, ఇరవై నిమిషాల టైమర్: మా అమ్మాయి చెఫ్ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. స్కూలు చదువు ఈ ఏడాదితో అయిపోతుంది. రెండేళ్లుగా వంటల పోటీ షో ఒక్కటి కూడా వదలకుండా చూస్తోంది. ఇప్పుడు చూడటంతో ఆగట్లేదు. తమ్ముడి చేత బుట్టలో పొంతన లేని నాలుగు వస్తువులు పెట్టించుకుని, ఫోన్లో ఇరవై నిమిషాల టైమర్ పెట్టి వండేస్తోంది. ఒక్కోసారి నిజంగా బాగుంటుంది, ఒక్కోసారి నోట్లో పెట్టలేం. చెఫ్ కోర్సు తప్ప ఇంకేదీ చదవనంటోంది. వాళ్ల నాన్నేమో ఇదంతా టీవీ పిచ్చి, ఏడాదిలో దిగిపోతుంది అంటున్నారు. ఇది ఇష్టమో పిచ్చో తెలుసుకునేదెలా?

జవాబు: అమ్మా, టీవీ చూసి పుట్టింది కాబట్టి ఉత్తుత్తి ఇష్టమే అయ్యుంటుందని మాత్రం అనుకోకండి. ఇష్టం ఎక్కడ మొదలైందన్నది నేను పెద్దగా పట్టించుకోను. మీ అమ్మాయి సోఫాలో కూర్చుని జడ్జీలతో పాటు మార్కులు వేయట్లేదు, లేచి వెళ్లి స్టవ్ వెలిగిస్తోంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది అంత దూరం కూడా రారు. కాకపోతే ఆమెకి నచ్చింది వంటా, పోటీయా అన్నది తేలాలి. టీవీలో ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. ఉద్యోగంలో చేరిన రెండో వారానికే విడిపోతాయి.

మీరు చెప్పిన బుట్ట, ఇరవై నిమిషాలు చూస్తే ఆమెకి పట్టుకున్నది 'చాప్డ్' అనుకుంటున్నాను. అమెరికాలో ఫుడ్ నెట్‌వర్క్ 2009లో మొదలుపెట్టిన షో. నలుగురు చెఫ్‌లు, మూడు రౌండ్లు, మూత తీసేదాకా లోపల ఏముందో తెలియని బుట్ట. మొదటి రౌండ్‌కి 20 నిమిషాలు, మిగతా రెండింటికీ 30 చొప్పున. (ఆ మూత తీసే క్షణం నాకూ ఇష్టమే, అబద్ధం ఎందుకు.) ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. చివరిదాకా నిలబడి 10,000 డాలర్లు గెలిచిన మనిషి ఆ గడియారం కింద వండేది మొత్తం 80 నిమిషాలు. రౌండ్‌కి నాలుగు ప్లేట్లు, అంటే పన్నెండు. రద్దీగా ఉన్న రాత్రి ఏ రెస్టారెంట్ వంటగదిలోనైనా ఒక స్టేషన్ దగ్గర, అంటే ఒక రకం వంటకాలకే కేటాయించిన చోట, నిలబడ్డ కుర్రాడు ఆ పన్నెండు ప్లేట్లూ మొదటి అరగంటలోనే పంపేసి, ఇంకో వందకి సిద్ధంగా ఉండాలి, అదీ వందో ప్లేటు తినే మనిషికి మొదటి ప్లేటు తిన్న మనిషికి దొరికిన రుచే దొరకాలి, ఎందుకంటే ఆయన పోయిన నెల తిన్నది బాగుందనే మళ్లీ వచ్చాడు. షోలో నిన్న చేసిందే మళ్లీ చేస్తే ఇంటికి పంపుతారు. ఉద్యోగంలో నిన్న చేసింది ఇవాళ చేయలేకపోతే ఇంటికి పంపుతారు.

నా దగ్గర సలహా తీసుకుని ఈ రంగంలోకి వెళ్లిన ఒక అమ్మాయి చేరిన కొత్తలో నన్ను తన వంటగది చూడ్డానికి రమ్మంది. మధ్యాహ్నం రెండు గంటలకి వెళ్లాను. రాత్రి సర్వీస్‌కి ఇంకా నాలుగైదు గంటల టైముంది, అయినా లోపల అందరూ పరుగులే. ఈ అమ్మాయి ఒక మూల నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది, అప్పటికే రెండు గంటలైందట మొదలుపెట్టి. పెద్ద ట్రే నిండింది. సూ చెఫ్, అంటే హెడ్ చెఫ్ తర్వాతి మనిషి, వచ్చాడు, ట్రేలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూశాడు, ఏమీ అనలేదు, ట్రే ఎత్తి మొత్తం స్టాక్ (ఎముకలు, కూరగాయలు మరిగించి తీసే రసం) మరుగుతున్న గిన్నెలో కుమ్మరించి, 'ఇంకో ట్రే' అని వెళ్లిపోయాడు. ముక్కలు ఒక సైజులో లేవు, అంతే. సైజు తేడా ఉంటే చిన్నవి మాడేసరికి పెద్దవి ఇంకా పచ్చిగానే ఉంటాయి, అందుకని సాస్‌కి పనికిరావు, స్టాక్‌లోకి అయితే ఎలాగూ వడగట్టేస్తారు కాబట్టి సరుకు వృథా కాదు. నాకైతే గుండె ఆగినంత పనైంది. ఆ అమ్మాయి మాత్రం ముక్కు తుడుచుకుని 'యస్ చెఫ్' అని కత్తి అందుకుంది. ఇప్పుడు ఆమే ఒక వంటగదిలో సూ చెఫ్. ట్రేలు కుమ్మరిస్తోందో లేదో నేనడగలేదు.

మీ అమ్మాయి చూస్తున్న షోల్లో కనిపించని భాగం ఇదే. ముందే అన్నీ తరిగి, కొలిచి, డబ్బాల్లో సర్ది పెట్టుకోవడాన్ని మీజ్ ఆన్ ప్లాస్ అంటారు, రోజులో సగం పైగా దానికే పోతుంది. పెద్ద వంటగదుల్లో ఎవరి పని ఏమిటో విడగొట్టే పద్ధతిని ఫ్రాన్స్‌కి చెందిన చెఫ్ ఎస్కోఫియే వందేళ్ల క్రితమే గట్టిగా స్థిరపరిచాడు, పేర్లు ఇప్పటికీ అవే: అడుగున కమీ, తర్వాత ఒక స్టేషన్‌ని చూసుకునే షెఫ్ ద పార్టీ, ఆ పైన సూ చెఫ్, అందరి పైన హెడ్ చెఫ్. కోర్సు పూర్తిచేసి వచ్చినా చేరేది కమీగానే. జీతం తక్కువ, పది పన్నెండు గంటలు నిలబడే ఉండాలి, చేతుల మీద కాలిన మచ్చలు, లోకమంతా సెలవు తీసుకునే రోజే మనకి డబల్ పని. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, ఫీజు కట్టాక తెలిసే బదులు ముందే తెలియాలని.

అలాగని షోలన్నీ ఉత్త డ్రామా అని నేననను. వాళ్ల నాన్నగారికి ఈ ముక్క చదివి వినిపించండి. అమెరికాలోనే ఇంకో వంటల పోటీ షో 'టాప్ చెఫ్'లో రెస్టారెంట్ వార్స్ అని ఒక రౌండ్ ఉంటుంది, పోటీదారులు జట్లుగా విడిపోయి చకచకా ఒక రెస్టారెంట్ నిలబెట్టి అతిథులకి వడ్డించాలి. నిజమైన పనికి దగ్గరగా వచ్చేది అదే. పదో సీజన్‌లో క్రిస్టెన్ కిష్ అనే పోటీదారు సరిగ్గా ఆ రౌండ్‌లోనే ఇంటికి వెళ్లింది. తర్వాత, ఓడిపోయినవాళ్లకి పెట్టే లాస్ట్ చాన్స్ కిచెన్ అనే పక్క పోటీ ద్వారా తిరిగొచ్చి ఆ సీజన్ గెలిచింది, 2024లో అదే షోకి హోస్ట్ కూడా అయింది. ఇందులో మీకు పనికొచ్చే విషయం ఆవిడ తిరిగి రావడం కన్నా ఆవిడ అక్కడికి ఎలా వచ్చిందన్నది. వంట స్కూల్లో చదువుకుని, ప్రొఫెషనల్ వంటగదిలో పనిచేస్తూ వచ్చింది. టాప్ చెఫ్, చాప్డ్ లాంటివాటిలో కనిపించేది ఎక్కువగా పనిలో ఉన్న చెఫ్‌లే. ఇరవై నిమిషాల్లో ఏదో ఒకటి తోచిందంటే దాని వెనక ఏళ్ల తరబడి తరిగిన ఉల్లిపాయలున్నాయి.

మాస్టర్‌చెఫ్ దారి వేరు, అది మొదటినుంచీ ఇంటి వంటవాళ్ల పోటీ. 2009లో ఆస్ట్రేలియా షో మొదటి సీజన్ గెలిచిన జూలీ గుడ్‌విన్ అలా వచ్చినవారే, తర్వాత వంట పుస్తకాలు రాశారు, వంట స్కూలు నడిపారు. చెఫ్‌గా పనిచేసినవాళ్లని అలాంటి షోల్లో మామూలుగా తీసుకోరు. అందుకని మీ అమ్మాయిని సూటిగా అడగండి: టీవీలో కనిపించాలని ఉందా, వంటగదిలో పనిచేయాలని ఉందా? మొదటిదే అయితే దానికి చెఫ్ కోర్సు అక్కర్లేదు, ఏ చదువు చదువుతూనైనా ఇంట్లో వండుకుంటూ ప్రయత్నించవచ్చు.

ఇంకో సంగతి, దీని గురించి పిల్లలకి ఎవరూ చెప్పరు. మీ అమ్మాయికి నిజంగా మజా ఇస్తున్నది ఆ పొంతన లేని నాలుగు వస్తువుల చిక్కుముడే అయితే, దాన్నే రోజువారీ పనిగా చేసే ఉద్యోగాలున్నాయి. ఆహార కంపెనీల్లో కొత్త ఉత్పత్తులు తయారుచేసే విభాగాలు, వంటకాలని పరీక్షించి రాసే టెస్ట్ కిచెన్లు. ఈ పదార్థం వాడాలి, అది వాడకూడదు, ఇంత ఖర్చు దాటకూడదు, ఇన్ని నెలలు పాడవకూడదు, అయినా రుచిగా ఉండాలి. బుట్ట లాంటిదే, టైమర్ మాత్రం నెలల్లో ఉంటుంది. దానికి ఫుడ్ టెక్నాలజీ చదవాలి, అంటే కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ తప్పవు. ఆమెకి సైన్స్ అంటే చిరాకు లేకపోతే ఈ దారి కూడా చూపించండి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, తెలుసుకునేదెలా అని. ముప్పై రోజులు బుట్ట ఆపించండి. రోజూ ఒక్క ఆమ్లెట్. అదే పెనం, అవే రెండు గుడ్లు, లోపల ఏమీ పెట్టకూడదు, పైన రంగు రాకూడదు, లోపల మెత్తగా ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్ల చెయ్యి చూడటానికి చాలామంది చెఫ్‌లు ముందు ఆమ్లెట్టే వేయమంటారు, దాంట్లో దాక్కోవడానికి చోటుండదు కాబట్టి. దాంతోపాటు రోజూ రెండు ఉల్లిపాయలు ఒకే సైజు ముక్కలుగా తరగాలి, తరిగాక స్కేలు పెట్టి కొలవాలి. ఏం తేడా వచ్చిందో ఒక పుస్తకంలో రెండు లైన్లు రాయాలి. పదో రోజుకి విసుగొస్తుంది, అది మామూలే, ఎవరికైనా వస్తుంది. నేను చూసేది ఇరవయ్యో రోజు రాసింది. 'బోర్' అని ఒక్క ముక్క రాసి వదిలేసిందా, లేక 'ఇవాళ మంట కాస్త తగ్గించా, అంచులు గట్టిపడలేదు' అని రాసిందా. రెండోది కనిపిస్తే వాళ్ల నాన్నగారితో మాట్లాడే బాధ్యత నాది.

ఆ తర్వాత సెలవుల్లో ఒక నెల ఏదైనా వంటగదిలో సాయానికి పంపండి, గిన్నెల దగ్గరైనా సరే. కాలేజీ ఎంచుకునేటప్పుడు బ్రోచర్‌లో తెల్ల టోపీల ఫొటోలు చూసి మోసపోవద్దు. వారానికి ఎన్ని గంటలు వంటగదిలో ఉంటారు, ఒక్కో స్టవ్ దగ్గర ఎంతమంది, విద్యార్థి తన చేత్తో వండుతాడా లేక సార్ చేస్తుంటే నోట్స్ రాసుకుంటాడా, బయట ట్రైనింగ్ ఎన్ని నెలలు, ఇవి అడగండి. వీలైతే చివరి ఏడాది పిల్లల్ని గేటు బయట పట్టుకుని అడగండి, నిజం అక్కడ తెలుస్తుంది.

ముప్పై రోజులయ్యాక ఆ పుస్తకం ఫొటోలు తీసి పంపండి, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. అన్నట్టు, ఆ పెనం ఆమే తోముకోవాలి. తమ్ముడి చేత తోమిస్తే ఆ రోజు లెక్కలోకి రాదు.