కేబుల్ తీయిస్తే కాలేజీ ఫీజు తగ్గదు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఆయన రొయ్యల మేత చేరవేసే వ్యాను నడుపుతారు. నేను బట్టలు కుడతాను, డ్వాక్రా సంఘంలో ఉన్నాను. మా అమ్మాయికి ఈఏపీసెట్ ర్యాంకుతో భీమవరం వైపు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది, ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలోనే. కేటాయింపు పత్రంలో ఫీజు 58,000 అని ఉంది. మాకు రీయింబర్స్‌మెంట్, అంటే ఆ ఫీజు ప్రభుత్వమే భరించే పథకం, వర్తిస్తుందన్నారు. తీరా కళాశాలకు వెళితే 1,14,000 రాసిన చీటీ చేతిలో పెట్టారు. అందులో ట్యూషన్ 58,000 కాక బస్సుకు 22,000, ఉద్యోగ శిక్షణకు 15,000, ట్యాబ్, సాఫ్ట్‌వేర్‌లకు 9,000, యూనిఫాం, పుస్తకాలకు 6,000, అభివృద్ధి రుసుము 4,000. ఇదంతా ప్యాకేజీ అట, విడదీయరట. ఇంట్లో కేబుల్ బిల్లూ ఇదే వరస. చూసేది నాలుగు ఛానళ్లు, కట్టేది నెలకు 360. కేబుల్ తీయించేద్దామని నేనంటే, అమ్మకు సీరియళ్లు ఎలా అని ఆయన. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి అమ్మాయిని చేర్పించాలా, డిగ్రీలో వేసేయాలా?

జవాబు: అమ్మా, ముందు కేబుల్ సంగతి తేల్చేద్దాం. నెలకు 360 అంటే ఏడాదికి 4,320, నాలుగేళ్లకు 17,280. కళాశాల చీటీలో ట్యూషన్ పోగా మిగిలినది 56,000. ఏటా అంతే తీసుకుంటారనుకున్నా నాలుగేళ్లకు 2,24,000 అవుతుంది. అత్తగారి సీరియళ్లు మాన్పించి ఇంజనీరింగ్ చదివించిన ఇల్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. ఆమెను చూడనివ్వండి.

అయితే కేబుల్ వ్యవహారంలో మీకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. 2019 ఫిబ్రవరి 1 నుంచి టీవీ ప్రసారాలను నియంత్రించే ట్రాయ్ నిబంధనల ప్రకారం కావలసిన ఛానళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు ప్రతి ఇంటికీ వచ్చింది. ఒక్కో ఛానల్ ధర సెట్‌టాప్ బాక్సు గైడ్‌లోనే కనిపిస్తుంది. హక్కు వచ్చింది సరే, వాడుకున్నవాళ్లు ఎందరు? జనం ఇష్టపడే రెండు మూడు ఛానళ్లకు విడి ధర ఎక్కువగా పెట్టి, వాటికి ఎవరూ అడగని మరికొన్ని కలిపి చౌకగా ఇస్తే అందరూ ప్యాక్ వైపే మొగ్గుతారు. ఆపరేటరు కూడా ‘ఈ ప్యాకే ఉందండీ’ అంటాడు. మనం సరే అంటాం. మీ నాలుగు ఛానళ్లూ ఒకే కంపెనీవైతే నిజంగానే ప్యాక్ చౌక కావచ్చు. వేర్వేరు కంపెనీలవైతే విడిగా అడిగి చూడండి, నెలకు కొంత మిగలవచ్చు. అంతకు మించి దాని మీద బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ చీటీ. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎలా అడగాలో తెలుస్తుంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల ట్యూషన్ ఫీజును యాజమాన్యాలు తమ ఇష్టానికి పెంచుకోలేవు. సుప్రీంకోర్టు 2003లో ఇచ్చిన తీర్పు తర్వాత రాష్ట్రాల్లో విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తుల అధ్యక్షతన ఫీజుల కమిటీలు ఏర్పడ్డాయి. మన రాష్ట్రంలో 2019 నాటి చట్టంతో ఆ పని ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కు వచ్చింది. కళాశాల లెక్కలు చూసి మూడేళ్లకు ఒకసారి ఫీజు ఖరారు చేస్తారు. ప్రభుత్వం రీయింబర్స్ చేసేది కూడా ఆ మొత్తాన్నే. దాంతో ట్యూషన్ గడప దగ్గర దారి మూసుకుపోయిన కళాశాల పెరట్లోంచి వస్తుంది. బస్సు, శిక్షణ, ట్యాబ్ అన్నీ గంపగుత్తగా ఒక చీటీ మీదికి ఎక్కుతాయి. జీతాలు పెరిగాయి, బకాయిలు రావడం లేదు అని యాజమాన్యాలు చెప్పుకొనేది పూర్తిగా అబద్ధం కాదు. కానీ ప్రభుత్వం దగ్గర రావలసినది మీ కుట్టుమిషను దగ్గర వసూలు చేసుకోవడం న్యాయం కాదు.

మీ ఫీజు ఖరారు చేసిన ఉత్తర్వు కాపీ సంపాదించండి. ఆ 58,000లో ఏమేమి కలిసి ఉన్నాయో అందులో చూసుకుని చీటీతో పోల్చండి. ల్యాబ్, ఇంటర్నెట్, గుర్తింపు కార్డు లాంటివి అక్కడ కలిసి ఉండి ఇక్కడ ‘అభివృద్ధి రుసుము’ పేరుతో మళ్లీ తగిలితే, అది రెండోసారి వసూలు చేయడమే. ‘ఏ ఉత్తర్వు ప్రకారం?’ అని కాగితం మీద రాసి అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది. కాగితానికి జవాబు ఇవ్వాలంటే గుమస్తా లోపలికి వెళ్లి అడగాలి, అక్కడే సగం రుసుములు కరిగిపోతాయి. కరగకపోతే కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

చీటీలో ట్యూషన్ తర్వాత పెద్ద అంకె బస్సు 22,000. అది తప్పనిసరి కావడానికి కారణమే లేదు. మీకు పాలకొల్లు స్టేషను దగ్గర. నరసాపురం నుంచి వచ్చే రైలు పాలకొల్లు, వీరవాసరం మీదుగా భీమవరం వెళుతుంది. ఆడపిల్లలకు గ్రాడ్యుయేషన్ స్థాయి చదువు పూర్తయ్యే వరకు, ఇంటి దగ్గరి స్టేషను నుంచి విద్యాసంస్థ ఉన్న స్టేషను వరకు, రెండో తరగతి నెలవారీ సీజన్ టికెట్టు రైల్వే ఉచితంగా ఇస్తుంది. కళాశాల ధ్రువపత్రం తీసుకెళ్లి స్టేషనులో అడగాలి. ఈ సౌకర్యం సంగతి చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు ‘నిజమా?’ అంటారు. ఇబ్బందులూ ఉన్నాయి. ఉదయం బండి కళాశాల వేళకు కుదరాలి, దిగాక ఆటో పట్టుకోవాలి, సాయంత్రం ల్యాబ్ ఆలస్యమైతే తిరుగు బండి తప్పుతుంది. ఒక పని దినాన మీరూ అమ్మాయీ కలిసి వెళ్లి వచ్చి చూడండి. కుదరకపోతే ఆర్టీసీ బస్సు ఉంది. రెండూ కుదరకపోతేనే కళాశాల బస్సు, అదీ ఆ ఒక్కదానికి విడిగా రసీదు తీసుకుని.

ఉద్యోగ శిక్షణ విషయంలో నాకు కోపం వస్తుంది. కంపెనీలు ప్రాంగణ నియామకాలకు వచ్చేది మూడో ఏడాది చివరి నుంచి. మొదటి ఏడాది పిల్లకు ఇంకా సి ప్రోగ్రాములో సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో తెలియదు, ఆ పిల్లకు 15,000 పెట్టి నేర్పే శిక్షణ ఏమిటి? చాలా చోట్ల బయటి సంస్థవాళ్లు వచ్చి వారానికి రెండు గంటలు లెక్కల పజిళ్లు, ఇంగ్లీషు వ్యాకరణం చెప్పి పోతారు. ఎన్‌పీటెల్ పేరుతో ఐఐటీల ఆచార్యులు చెప్పే కోర్సులు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లో ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్టు కావాలనుకుంటేనే పరీక్ష రుసుము. పాఠాలు చెప్పే స్వయంప్రభ టీవీ ఛానళ్లు నెలవారీ బిల్లు లేని డీడీ ఫ్రీ డిష్‌లో కూడా వస్తాయి. మొదటి రెండేళ్లు అమ్మాయి ఒక ప్రోగ్రామింగ్ భాష గట్టిగా పట్టుకుని, ఇంగ్లీషులో బెరుకు పోగొట్టుకుంటే చాలు. శిక్షణ కావాలనిపిస్తే మూడో ఏడాదిలో, అప్పటికి ఎవరు బాగా చెబుతున్నారో సీనియర్లను అడిగి చేరవచ్చు.

ట్యాబ్ వద్దు. ప్రోగ్రాములు రాయడానికి కంప్యూటర్ కావాలి. నాలుగో ఏడాది పిల్లలు అమ్మే పాత ల్యాప్‌టాప్ దీనికంటే మేలు. యూనిఫాం డబ్బు కట్టేయండి, లేదా గుడ్డ కొలతలు అడిగి మీరే కుట్టండి.

మూడు జాగ్రత్తలు. ‘ప్రభుత్వ డబ్బు వచ్చేదాకా ట్యూషన్ మీరే కట్టండి, తర్వాత తిరిగి ఇస్తాం’ అనే మాట ఈ సీజనులో చాలా చోట్ల వినిపిస్తుంది. మీ దాకా వస్తే, ఆ హామీ కాగితం మీద లేకుండా కట్టవద్దు. కట్టినా రసీదు మీద ‘ట్యూషన్ ఫీజు’ అనే రాయించండి. ‘ఇతరములు’ అని రాస్తే రేపు తిరిగి అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. నాలుగేళ్ల ఫీజు ముందే కట్టమంటే కుదరదనండి. ఒకసారికి ఒక ఏడాది లేదా ఒక సెమిస్టరు ఫీజే తీసుకోవాలని అదే 2003 తీర్పు చెప్పింది. ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాల తన దగ్గర అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. సరిచూసుకుని వెనక్కి ఇవ్వాలి.

ఇక అప్పు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ప్యాకేజీ కోసం ఆ వడ్డీకి తెస్తే, అమ్మాయి మొదటి జీతం నాటికి అసలు ఎక్కడుందో వెతుక్కోవాలి. చీటీ మీద చెప్పినవన్నీ తీసేశాక మీకు మిగిలే ఖర్చు ఆటో, పుస్తకాలు, పాత ల్యాప్‌టాప్. దానికి మీ సంఘం అప్పు చాలవచ్చు. ఎక్కువ కావలసివస్తే బ్యాంకుకు వెళ్లండి. విద్యా రుణం 4 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. తిరిగి కట్టడం చదువు అయ్యాకే.

మరొకటి, దీన్ని వదులుకోకండి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ నడిపే ప్రగతి స్కాలర్‌షిప్ సాంకేతిక విద్యలో చేరిన ఆడపిల్లలకు ఏడాదికి 50,000 ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు అవకాశం. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో గడువు లోపు దరఖాస్తు చేయాలి. రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకోవచ్చో లేదో దరఖాస్తుకు ముందే నిబంధనల్లో చూసుకోండి. ఎంపికైనవారికే వస్తుంది కనుక, వస్తుందనుకుని ఖర్చు చేయవద్దు.

డిగ్రీ తక్కువ చదువు కాదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కంప్యూటర్లు చదివి, తర్వాత ఎంసీఏ చేసి స్థిరపడినవాళ్లు గోదావరి జిల్లాల్లో చాలామంది ఉన్నారు. కానీ చేతికొచ్చిన కన్వీనర్ సీటును ఒక చీటీకి భయపడి వదలమని నేను చెప్పను. ‘సీటు, యూనిఫాం తప్ప మిగిలినవి మాకు అక్కర్లేదు’ అని ఈ వారమే రాసి ఇవ్వండి. కన్వీనర్ కేటాయించిన సీటును ప్యాకేజీ కట్టలేదన్న కారణంతో నిరాకరించే అధికారం వాళ్లకు లేదు. అయినా మొండికేస్తే కౌన్సెలింగ్ రెండో విడతలో వేరే కళాశాలలకు ఆప్షన్లు పెట్టండి. అక్కడ సీటు వస్తే ఇది దానంతట అదే రద్దవుతుంది, కాబట్టి అమ్మాయి నిజంగా వెళ్లదలచిన కళాశాలలు మాత్రమే, ఒక్కోదాని బస్సు, హాస్టల్ ఖర్చు ముందే ఫోను చేసి కనుక్కుని, వరసలో పెట్టండి.